ఉప్పు కథ విన్నానని చెప్పాను

ఎఫుయా వస్తానని ఫోన్ చేసినప్పుడే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకోవలసింది. ఊళ్ళో ఉండటం లేదని, పాపకు జ్వరమని, ఏదో ఒకటి. సాకులు చెప్పడం నాకేమీ కొత్త కాదు. కానీ ఆమె "లైప్‌జిగ్ నుంచి నీకోసమే వస్తున్నాను, ఒక్క గంట చాలు" అనేసరికి నా నోట "అయ్యో, గంటేమిటి, భోజనానికే రా" అని వచ్చేసింది. మా అమ్మ పెంపకం అలాంటిది, ఇంటికి వస్తామన్నవాళ్ళను వద్దనడానికి నాలుక తిరగదు. పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం ఎష్‌బోర్న్‌లో మా ఇంటికి వచ్చింది. తలుపు తీసేసరికి పొయ్యి మీద పచ్చడికని పల్లీలు వేగుతున్నాయి. ఆమె గుమ్మంలోనే నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చి, కోటు కూడా విప్పకుండా "ఇది మా పిన్ని వంటిల్లు" అంది.  మంట తగ్గించే నెపంతో అటు తిరిగాను.

ఆ పిన్ని పేరు అజోవా. నేను జర్మనీకి వచ్చిన కొత్తలో, మాస్టర్స్ చదువుకునే రోజుల్లో, ఆమె ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. నేను అజోవా ఆంటీ అనేదాన్ని. ఘానాలో సముద్రం ఒడ్డు ఊళ్ళో పుట్టి, ఇరవై నిండకముందే, ఈ దేశం మధ్యలో గోడ ఉన్న కాలంలో, నర్సు చదువుకని అటువైపు భాగానికి వచ్చి లైప్‌జిగ్‌లోనే ఉండిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. పనిచేసినన్నాళ్ళూ పిల్లల వార్డులోనే చేసింది. సూదికి ఏడ్చే పిల్లలను ఊరుకోబెట్టడానికి తన నాయనమ్మ చెప్పిన కథలు చెప్పడం మొదలుపెట్టిందట. ఆ తరవాత చూసుకుంటే, ఊళ్ళో తనలాంటి నల్లవాళ్ళకు పుట్టిన పిల్లలు, క్లాసు మొత్తం మీద ఒక్కరే నల్లగా కూర్చునే పిల్లలు, వాళ్ళ అమ్మమ్మల కథ ఒక్కటీ తెలియకుండా పెరుగుతున్నారు. "వాళ్ళ జుట్టు ముట్టుకుని చూడటానికి అందరూ వస్తారు. ఆ తలలో ఏదైనా పెట్టడానికి మాత్రం ఎవరూ రారు" అనేది. ఊరి ఆఫీసుకు ఉత్తరం మీద ఉత్తరం రాసి, టెర్మిన్ మీద టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్లు, తీసుకొని, చివరికి ఒక లైబ్రరీ కింది గదిని శుక్రవారం సాయంత్రాలకు సంపాదించింది. కథల కూటం అలా మొదలైంది. ఆమె దగ్గర కథ చెప్పడం నేర్చుకున్నవాళ్ళు ఇవాళ మూడు నాలుగు ఊళ్ళలో కూటాలు నడుపుతున్నారు. లైప్‌జిగ్ కూటం ఇప్పుడు ఎఫుయా చేతిలో ఉంది.

గది చూడటానికి వెళ్ళిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పటికి నేను చూసిన ఇళ్ళవాళ్ళందరూ మూడు నెలల జీతం చీటీ అడిగారు, కూర వండుతావా అని అడిగారు, ఇల్లంతా వాసన వస్తుందా అని అడిగారు. ఆన్‌మెల్డుంగ్‌కు, అంటే ఇంటి చిరునామా నమోదుకు, కాగితం ఇస్తానన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఈమె అవేవీ అడగలేదు. సోఫాలో కూర్చోబెట్టి, అల్లం వేసిన టీ ఇచ్చి, "ఒక కథ చెప్పు" అంది. నేను బిత్తరపోయాను. ఇంజనీరింగ్ చదివినదాన్ని, కథేమిటి నా మొహం! ఎలాగో మా నాయనమ్మ చెప్పే ఏడుగురు అన్నదమ్ముల కథ సగం ఇంగ్లిష్‌లో, సగం చేతులతో మొదలుపెట్టి, రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాను. ఎందుకు ఆగావంది. "మీరు ఊ కొట్టట్లేదు ఆంటీ" అన్నాను. మా సిద్దిపేట దగ్గరి పల్లెలో వినేవాళ్ళు ఊ కొట్టకపోతే నాయనమ్మ కథ ఆపేసేదని, ఒగ్గుకథలోనైనా సరే పక్కవాళ్ళు అందుకోకపోతే కథ నడవదని వివరించాను. ఆమె తొడ చరుచుకొని ఇల్లు దద్దరిల్లేలా నవ్వింది. "కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలి?" అంది. అలా నాకు ఇల్లు దొరికింది. ఫోన్‌లో ఈ మాట చెబితే మా అమ్మ, "కథలు జెప్పే ముసలామె ఇంట్లనా? పైలం బిడ్డా, నిన్ను సదువుకోనిస్తదా మరి?" అంది.

ఆ ఇంటి రోజులు నాకిప్పటికీ వాసనలుగానే గుర్తున్నాయి. పొద్దున్నే లేచి, బయట మంచు కురుస్తున్నా సరే, అన్ని కిటికీలూ బార్లా తెరిచేది. యాభై ఏళ్ళకు పైగా ఇక్కడ బతికి పక్కా జర్మన్ ముసలమ్మ అయిపోయింది ఈ ఒక్క విషయంలో. నేను దుప్పటి కప్పుకొని వణుకుతుంటే, "గాలికి భయపడేదానివి ఈ దేశం ఎందుకొచ్చావు?" అనేది. శనివారం పల్లీలు వేయించి నూరి, టమాటాలూ మిరపకాయలూ వేసి కూర చేసేది. ఎండుచేపలు, ఎండుమిర్చి, అల్లం కలిపి నూనెలో నల్లగా అయ్యేదాకా వేయించి సీసాలో పెట్టేది. ఆ ఘాటుకు మెట్ల మీదుగా వెళ్ళేవాళ్ళు దగ్గేవాళ్ళు. నాకు మాత్రం మా ఇంట్లో కారం దంచిన రోజు గుర్తొచ్చేది. మెట్లు తుడిచే వంతు మాకు వచ్చిన వారం ఆమె చేత్తో గుడ్డ పట్టుకొని, ఏదో పాట ఎత్తుకొని తుడిచేది. నేను వెనక బకెట్ పట్టుకొని పల్లవి అందుకోవాలి. అందుకోకపోతే అక్కడే ఆగి నిలబడేది, మెట్టు దిగేది కాదు. ఒకసారి ఆంటీ మోకాలు నొప్పని గుడ్డ నేను లాక్కుంటే, "తుడవడం నువ్వు తుడువు, పాట కూడా లాక్కుంటావా?" అని దెబ్బలాడింది.

కూటంలో ఒక పద్ధతి ఉండేది. నేను ముందు దాన్ని అమర్యాద అనుకున్నాను. కథ మంచి పట్టులో ఉండగా వినేవాళ్ళలో ఎవరైనా సరే చెయ్యెత్తి, "ఆగు! ఆ రోజు నేనక్కడే ఉన్నాను!" అని అరవవచ్చు. అప్పుడు చెప్పేవాళ్ళు ఆగిపోవాలి. అరిచినవాళ్ళు లేచి, తాము చూసినట్టే ఏదో ఒక పాట ఎత్తుకుంటారు, అందరూ అందుకుంటారు, చప్పట్లు, నవ్వులు, ఆ తరవాత కథ మళ్ళీ సాగుతుంది. పాత కాలంలో ఫ్యాక్టరీ పనికి వచ్చి స్థిరపడిన మొజాంబిక్ ముసలాయన ఒకడు ప్రతి కథలోనూ తాను ఉన్నానని లేచేవాడు. దేవుడు నేలను చేసిన రోజు కూడా నేనక్కడే ఉన్నానంటే పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్ళు. వినేవాడు అక్కడ లేకపోతే కథ జరగనట్టే అని ఆంటీ లెక్క. ఇంకో పద్ధతి కూడా ఉంది. కథ నేర్చుకున్నవాళ్ళు దాన్ని ఇంకొకళ్ళకు చెప్పే ముందు, ఇది ఎవరి నోటి నుంచి వచ్చిందో, ఆ రోజు తాము దానికి ఏ పాట ఇచ్చారో చెప్పాలి. పాట ఇవ్వనివాళ్ళకు ఆ కథ మీద హక్కు లేదు. నేను మొదటిసారి భయపడుతూ లేచి, బతుకమ్మ పాట ఒకటి ఎత్తుకున్నాను. ఆ పాటల్లో ప్రతి చరణం చివరా అందరూ కలిసి పలికే మాట ఒకటుంటుంది కదా, రెండో చరణానికే గదంతా అందుకుంది. ఆ రోజు ఇంటికి వస్తూ ట్రామ్‌లో ఆంటీ, "నీ చేతికి నీ నాయనమ్మ ఇంత ఇచ్చి పంపితే, ఏమీ రాదన్నావేం?" అని నా వీపు మీద ఒక్కటిచ్చింది.

తరవాత కరోనా వచ్చింది. లైబ్రరీ మూసేశారు. పార్ట్‌టైమ్ పని చేసే రెస్టారెంట్ మూతపడితే నేను పార్సిళ్ళ గోడౌన్‌లో పనికి కుదిరాను. అక్కడ వందమంది మధ్య తిరిగి ఇంటికి రావాలి, ఆంటీకేమో ఉబ్బసం. డాక్టరు ఒప్పుకోలేదు. అదే ఊళ్ళో, మా వరంగల్ స్నేహితురాలు మౌనిక ఉండే షేరింగ్ ఇంటికి మారిపోయాను. వారానికి రెండుసార్లు సరుకులు తెచ్చి ఆంటీ గుమ్మం ముందు పెట్టి, నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడేదాన్ని. ఆమె తలుపు తీసి సంచీ తీసుకొని, గుమ్మంలోంచే ఊరి సంగతులన్నీ అడిగేది. వెళ్తుంటే ఒక డబ్బా మెట్టు మీద పెట్టేది, అందులో పల్లీ కూర ఉండేది.

శుక్రవారాలు ఆగకూడదని నేనే పూనుకొని వీడియో కాల్‌లోకి మార్చాను. నేను కంప్యూటర్ దాన్ని కదా, గొప్ప! మొదటి రోజు ఇరవై ఇళ్ళనుంచి ఒకేసారి కుక్కల అరుపులూ, గిన్నెల చప్పుళ్ళూ వినబడితే, అందరి మైకులూ నొక్కేశాను. ఆంటీ కథకు ముందు వేసే పిలుపు వేసి, జవాబు రాక, తెర మీద నోళ్ళు ఆడుతున్న మొహాలను చూసి, "రజితా, వీళ్ళ గొంతులు ఏం చేశావు?" అంది. మళ్ళీ తెరిచాను. ఆ తప్పు దిద్దుకోగలిగినది. ఆ తరవాత చేసినదే దిద్దుకోలేనిది. రాలేనివాళ్ళకు ఉపయోగపడుతుందని ప్రతి శుక్రవారం వీడియో లేకుండా మాట మాత్రమే రికార్డు చేసి అందరికీ పంపడం మొదలుపెట్టాను. ఆంటీకి అది మొదటినుంచీ ఇష్టం లేదు. "రేపటికి ఉందని తెలిస్తే ఇవాళ ఎవరు తింటారు?" అంది. మీకు తెలియదాంటీ, ఎక్కువమందికి చేరుతుంది, ఎప్పటికీ పోకుండా ఉంటుంది అని నేనే వాదించాను. ఆమె సరే అంది. నన్ను నమ్మి సరే అంది. మూడో వారానికి సగం మంది తగ్గారు. నైట్ డ్యూటీ, పిల్లల ఆన్‌లైన్ బడి, తలనొప్పి, రికార్డింగ్ వస్తుంది కదా. అప్పుడు హాంబుర్గ్ ఆసుపత్రిలో పనిచేసే ఎఫుయా కూడా అదే అనేది. చలికాలం వచ్చేసరికి ఆంటీ, నేను, మొజాంబిక్ ముసలాయన మిగిలాం. ఆయనకు కళ్ళు కనిపించక కంప్యూటర్ మానేశాక మేమిద్దరమే. యూనివర్సిటీ క్లాసులు కూడా మాకు అలాగే ఉండేవి. పాఠం నడుస్తుంటే పేరు చేర్చి, కెమెరా ఆపి, అక్కడ మన ఫోటో కనబడేలా పెట్టి పడుకునేవాళ్ళం. రికార్డింగులు తరవాత వింటాం అనుకునేవాళ్ళం. విన్నవాళ్ళెవరో నాకైతే తెలియదు.

ఉప్పు కథ గురించి చెప్పాలి. అది ఆంటీ నాయనమ్మ కథ, ఆమె దగ్గరున్నవాటిలో అతి పాతది. సముద్రం ఒడ్డు నుంచి లోపలి ఊరికి ఒక పిల్ల నెత్తిన బుట్టతో ఉప్పు మోసుకొస్తుంటుంది. దారిలో ప్రతి ఇంటి తలుపూ తట్టి, చిటికెడు ఉప్పుకు ఒక పాట అడుగుతుంది. పాట లేనిదే చిటికెడు కూడా ఇవ్వదు. ఇంటింటికీ ఒక పాట, అది వినేవాళ్ళు ఇవ్వవలసిందే. ఇల్లు చేరేసరికి బుట్ట ఖాళీ, పిల్ల నోరు మాత్రం నిండుగా. ఉప్పేదీ అని అవ్వ అడుగుతుంది. దానికి ఆ పిల్ల ఏం జవాబు చెప్పిందో, ఆ ఊరు ఆ తరవాత ఏమైందో ఆంటీ వంటింట్లో ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పలేదు. "అది నలుగురు ఉన్నప్పుడే వస్తుంది, నా ఒక్కదానితో రాదు" అనేది. ఎఫుయాకూ తెలియదు. చిన్నప్పుడు వినేదట గానీ, అవ్వ అడిగే చోటికి వచ్చేలోపే నిద్రపోయేదట. ఆ చలికాలంలో ఒకరోజు గుమ్మంలో సంచీ అందుకుంటూ ఆంటీ, "వచ్చే శుక్రవారం ఉప్పు కథ చెబుతాను. ఇక నలుగురి కోసం చూడను. నువ్వొక్కదానివి వస్తే చాలు, నీ దగ్గర పాటలున్నాయి" అంది. చెప్పేటప్పుడు రొప్పుతోంది. "వస్తానాంటీ, తప్పకుండా వస్తాను" అన్నాను. ఆ వారమంతా గోడౌన్‌లో పెట్టెలు ఎత్తుతూ ఏ ఇంటికి ఏ పాట ఇవ్వాలో లెక్కేసుకున్నాను కూడా.

బుధవారం నాడు ఎష్‌బోర్న్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూ టెర్మిన్ వచ్చింది. శుక్రవారం, నాలుగింటికి. కథ వేళ కూడా అదే. వీసా గడువు దగ్గర పడుతోంది, అప్పటికి ఎన్నో చోట్ల నుంచి క్షమించండి అనే ఉత్తరాలు వచ్చాయి. ఒక గంట ఆలస్యం చేయమని కంపెనీవాళ్ళను అడగనా అని మౌనికను అడిగాను. "ఏందే నీ లొల్లి? మార్చుమంటే ఉన్నది గూడ పోతది" అంది. పోనీ ఆంటీని అడగనా అంటే, అంతకుముందు రెండు శుక్రవారాలు ఇలాగే మార్పించి ఉన్నాను, మొహం చెల్లలేదు. మౌనికే దారి చూపించింది. "ఫోటో పెట్టి పో. క్లాసులకు పెడుతలేమా? ముసలామెకేం తెలుస్తది? రికార్డింగ్ రేపు విను." ఆ మాట మౌనిక అందని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను గానీ, అనుకున్నది నేనే, చేసింది నేనే. ఒక కంప్యూటర్‌లో ఆంటీ కాల్ తెరిచి, రికార్డింగ్ నొక్కి, నా పేరు కింద నేను నవ్వుతున్న ఫోటో వచ్చేలా పెట్టి, చప్పుడు రాకుండా చెవి తీగ దానికి గుచ్చి బల్ల మీద వదిలేశాను. పక్క గదిలో మౌనిక కంప్యూటర్ ముందు కూర్చొని నా బలాలు, బలహీనతలు చెప్పుకున్నాను. కాపలా పెట్టినందుకు కంచే చేను మేసింది.

ఇంటర్వ్యూ బాగా అయింది. అయిన సంతోషంలో ఆంటీకి ఫోన్ చేశాను. ఆమె అడగకముందే, "చాలా బాగుందాంటీ కథ" అన్నాను.  ఆంటీ మెల్లగా, "నీ నెట్ సరిగ్గా లేనట్టుంది" అంది. నేను ఆ మాటను రెండు చేతులతో పట్టుకున్నాను. "అవునాంటీ, నా గొంతు మీకు రాలేదు గానీ మీ మాట మొత్తం వినబడింది" అన్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడైనా నాకంటే నయం, వాడు సాకు సొంతంగా వెతుక్కున్నాడు. నాకు సాకు కూడా ఆమే అందించింది. "సరే" అంది. "తిన్నావా?" అని అడిగింది. 

రెండు వారాలకు ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. ఎవరినీ చూడనివ్వలేదు. జీవితమంతా ఇతరుల పిల్లల పక్కన కూర్చున్న మనిషి పక్కన చివరికి ఒక్క మనిషి లేదు. అంత్యక్రియలకు పదిమందికే అనుమతి. క్వారంటైన్‌లో ఇరుక్కున్న ఎఫుయాతో సహా మిగిలినవాళ్ళందరికీ లింకు పంపింది నేనే, కెమెరా పట్టుకుంది నేనే. ఎవరో నన్ను మాట్లాడమన్నారు. ఏడుస్తూ, "ఆంటీ తన ఆఖరి కథ, ఉప్పు కథ, నాకు చెప్పి వెళ్ళింది" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రాత్రి ఎఫుయా మెసేజ్ పెట్టింది. 'నేను పక్కన లేనని ఏడుస్తున్నాను. ఆ కథకు నువ్వు ఉన్నావు, అది చాలు నాకు.' ఆ మెసేజ్ కింద ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. రికార్డింగ్ ఎవరికీ పంపలేదు. నేనూ తెరవలేదు. రేపు వింటాను, ఎల్లుండి వింటాను అనుకుంటూ కంప్యూటర్లు మారాను, ఇళ్ళు మారాను, ఆ ఫైలును మాత్రం ఒక దాంట్లోంచి ఇంకొక దాంట్లోకి మోసుకొచ్చాను.

ఆ ఉద్యోగమే వచ్చింది. ఆ ఉద్యోగం మీదే బ్లూ కార్డు వీసా, పెళ్ళి, ఈ ఇల్లు, మా పాప. ఎంత కాదనుకున్నా నేను తినే ప్రతి ముద్ద ఆ గంటలోంచి వచ్చిందే. ఇప్పుడు మా పాప పడుకునేటప్పుడు కథలు చెప్పే డబ్బా ఒకటి తలగడ పక్కన పెట్టుకుంటుంది. దానికి ఊ కొట్టక్కర్లేదు. నిద్రపోయినా అది తన పాటికి తాను చెప్పుకుంటూ పోతుంది. ఒకసారి డబ్బా పక్కన పెట్టి నేను కథ మొదలుపెడితే, మధ్యలో ఊ కొట్టమంటే, జర్మన్‌లో "ఎందుకమ్మా, నేను వింటూనే ఉన్నానుగా" అంది. ఊ కొట్టడం ఎందుకో దానికి చెప్పాలనిపించింది, కానీ ఏ మొహంతో చెప్పను? గోడౌన్‌లో పెట్టెలెత్తి, మెట్టు మీద పెట్టిన డబ్బాలో అన్నం కలుపుకు తిన్న ఆ రోజుల్లో నా దగ్గర ఏమీ లేదనుకునేదాన్ని. నా పాట కోసం ఒక మనిషి వారమంతా ఎదురుచూసేది. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, నా నోటి పాట కోసం ఎదురుచూసేవాళ్ళు ఈ దేశంలో ఒక్కరూ లేరు. ఆ మనిషిని నేనే పోగొట్టుకున్నాను.

భోజనం అయ్యాక ఎఫుయా వచ్చిన పని చెప్పింది. పిన్ని పేరు మీద లైబ్రరీలో ఒక సాయంత్రం పెడుతున్నారట, ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ తలా ఒక కథ చెబుతారట. "ఉప్పు కథ నువ్వు చెప్పాలి. దాని చివర తెలిసింది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. నువ్వు చెప్పకపోతే అది నీతో పోతుంది" అంది. నీళ్ళు తాగాను. సరిగ్గా గుర్తులేదు, చాలా ఏళ్ళయింది అన్నాను. "రికార్డింగ్ నీ దగ్గర ఉంది కదా?" అంది. పోయిందని చెప్పవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె మొహంలో ఆంటీ దవడలు, ఆంటీ ముక్కు కనబడుతుంటే, ఇంకొక్క అబద్ధం ఆడే శక్తి నాకు లేకపోయింది. లేచి కంప్యూటర్ తెచ్చి, బల్ల మీద పెట్టి, ఫైలు తెరిచాను. ఇద్దరమూ మొదటిసారి వింటున్నామని నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

ఆంటీ గొంతు వచ్చింది. కొంచెం రొప్పు, కానీ అదే గొంతు. ఎఫుయా రెండు చేతులతో నోరు మూసుకుంది. పిల్ల సముద్రం ఒడ్డున బుట్ట నింపుకుంది, నడిచింది, మొదటి తలుపు తట్టింది. చిటికెడు ఉప్పుకు ఒక పాట ఇస్తారా అని ఆంటీ అడిగి ఆగింది. వెనక ఎక్కడో ట్రామ్ వెళ్ళిన చప్పుడు. చాలాసేపు ఆగింది. "నెట్ సరిగ్గా లేనట్టుంది" అని తనలో తాను అనుకుంది. ఎఫుయా నా వైపు చూసి, "అప్పుడు నెట్ పోయిందా?" అంది. తల ఊపాను. ఆ సమయంలో కూడా ఊపాను. పిల్ల రెండో తలుపు తట్టింది. ఆంటీ మళ్ళీ ఆగింది. మూడో తలుపు. అక్కడనుంచి ఆంటీ ఇక ఆగలేదు, కథనే తిప్పేసింది. ఆ సంవత్సరం ఊళ్ళన్నింటిలోనూ ఏదో జబ్బు తిరుగుతోందట, అందరూ తలుపులు బిగించుకున్నారట, అది వాళ్ళ తప్పు కాదట. పాటలు దొరకలేదు, ఉప్పు తరగలేదు. దారి చివర ఒక ఇల్లు వచ్చిందట. ఆ ఇంటి తలుపుకు ఆ ఇంటి పిల్ల బొమ్మ వేలాడుతోందట, నవ్వుతూ. ఉప్పు పిల్లకు ప్రాణం లేచొచ్చి, చిటికెడు ఉప్పుకు ఒక పాట ఇస్తావా అని అడిగిందట. బొమ్మ నవ్విందట. మళ్ళీ అడిగిందట. మళ్ళీ నవ్విందట. ఉప్పు పిల్ల ఆ గడపలో పొద్దుగూకేదాకా కూర్చుందట. ఈ పిల్ల మంచిదే, ఏదో పని పడి ఉంటుందిలే అనుకొని, పాట లేకుండానే గుప్పెడు ఉప్పు గడప మీద పెట్టి లేచిందట. ఇల్లు చేరిందట. బుట్ట బరువుగానే ఉందట. అవ్వ ఏమీ అడగలేదట. "నా కథ అంతే" అంది ఆంటీ. కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. రికార్డింగ్ అయిపోయింది.

ఎఫుయా కళ్ళు తుడుచుకోలేదు.  తెర వైపే చూస్తూ అంది, "ఇది ఉప్పు కథ కాదు. పాట లేకుండా ఆ పిల్ల ఎవరికీ ఉప్పు ఇవ్వదు. పిన్ని వాళ్ళ నాయనమ్మ నోటా, పిన్ని నోటా, ఎప్పుడూ ఇవ్వలేదు. ఈ బొమ్మ ఉన్న ఇల్లు ఎక్కడనుంచి వచ్చింది? ఎవరిదా ఇల్లు?"

తెలియదంటే నమ్మేది. ఆంటీకి ఒంట్లో బాగాలేక కథ తప్పిపోయి ఉంటుందంటే కూడా నమ్మేది. ఇన్నేళ్ళుగా పిన్ని పక్కన నేనున్నానన్న ఒక్క మాట పట్టుకొని బతికిన మనిషి, ఇంకా ఆ మాటే నమ్మడానికి నా మొహంలోకి చూస్తోంది.

"నాది" అన్నాను.